ఐ సెవెన్ అంట, పద్దెనిమిది వేలకే

గత ఏడాది మే నెలలో ఒక ఆదివారం, ఎండకు వెరచి కర్నూలు వీధుల్లో కుక్క కూడా కదలని మధ్యాహ్నం వేళ, మా పెద్దనాయన ఫోన్ చేశారు. "నాయనా, లాప్‌టాప్ తీసుకున్నాను. ఐ సెవెన్ అంట, పద్దెనిమిది వేలకే ఇచ్చినాడు. సాయంత్రం వచ్చి ఒకసారి చూసిపోదువు రా" అన్నారు. కంప్యూటరు సంగతి కాస్తో కూస్తో తెలిసినవాడని బంధువుల్లో పేరు పడినవారికి ఈ పిలుపు కొత్త కాదు. కొనక ముందు "ఏది కొనమంటావు?" అని అడిగేవారు పదిమందిలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగిలినవారందరూ కొన్న తరువాత "ఎట్లుంది?" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నకు వారు కోరే జవాబు ఒక్కటే, బాగుంది అని. నేను ఒక పాలిటెక్నిక్ కళాశాలలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను కాబట్టి ఇది నాకు వృత్తిధర్మంగా కూడా అంటుకుంది.

పెద్దనాయన ముప్పై నాలుగేళ్లు ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నారు. మూడు కంటే ఐదు, ఐదు కంటే ఏడు పెద్దవని తరాల పిల్లలకు చెప్పిన మనిషికి, ఇంటెల్ కంపెనీ ప్రాసెసర్లలో, అంటే కంప్యూటరు మెదళ్లలో, ఐ3 కంటే ఐ7 మెరుగన్న మాటలో అనుమానించవలసినది కనిపించలేదంటే తప్పు ఆయనది కాదు. సాయంత్రం వెళ్లేసరికి లాప్‌టాప్‌ను ముందుగదిలో టీపాయ్ మీద తువ్వాలు పరిచి పెట్టారు. కీబోర్డు మీద ఎ, ఇ, ఎస్ మీటలు నిగనిగలాడుతూ, అక్షరాలు సగానికి సగం చెరిగి ఉన్నాయి. అరచేయి ఆనే చోట ఐ7 స్టిక్కరు మాత్రం కొత్త పెళ్లికూతురి బొట్టులాగా మెరుస్తోంది. తిరగేసి చూస్తే, అడుగున ఏదో కార్యాలయం తన సామానుకు అంటించుకున్న నంబరు చీటీని గీకేసినచోట జిగురు మరక, దానికి అంటుకున్న దుమ్ము. పెద్ద కంపెనీలు కొన్నేళ్లు వాడి వదిలించుకున్న యంత్రాలను తుడిచి, స్టిక్కర్లు మార్చి అమ్మడం చాలాకాలంగా జరుగుతున్న వ్యాపారమే. పాతది అని చెప్పి అమ్మితే అందులో దోషం కూడా ఏమీ లేదు. ఆ దుకాణంలో ఆ ఒక్కమాటే చెప్పలేదు.

లోపల ఉన్న ప్రాసెసరు ఐ7-4600యు. ఐ7 పక్కన గీత, ఆ గీత తరువాత వచ్చే అంకె తరాన్ని చెబుతుంది. ఇక్కడ 4, అంటే నాలుగో తరం, 2013 నాటిది, లోపల రెండే కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు. 2022లో వచ్చిన ఐ3-1215యులో గీత తరువాత 12 ఉంటుంది, అది పన్నెండో తరం, అందులో ఆరు కోర్లు ఉంటాయి. పేరుకు మూడే అయినా పనిలో ఆ ఏడును చాలా దూరం వెనక వదిలేస్తుంది. దీన్ని ఎలా చెప్పాలా అని నేను తడుముకుంటుండగా నోటికి అందిన మాట అన్నాను: "ఏడో తరగతి పుస్తకమే పెద్దనాయనా, కానీ ఏ సంవత్సరం ఏడో తరగతి అన్నది కూడా చూడాలి." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "పాత సిలబస్ అన్నమాట" అన్నారు. నేను ల్యాబులో అరగంట పాఠంగా చెప్పే విషయం రెండు మాటల్లో తేలిపోయింది. అయితే దాని వెనకే ఇంకో కష్టం చెప్పక తప్పలేదు. విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోతుందని, విండోస్ 11కు ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరైనా ఉండాలని, దానితోపాటు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు కూడా కావాలని, వీటిలో మొదటిదే మన యంత్రంలో లేదని చెప్పాను. ఆయన లెక్క వేసుకున్నారు. మే నుంచి అక్టోబరుకు ఐదు నెలలు. పెద్దమ్మ వంటింట్లోంచి, "ఎక్స్‌పైరీ డేటు దగ్గరకొచ్చిన మందులు అమ్మినట్లు అమ్మినాడా ఏమి?" అంది. అంతకంటే సూటిగా నేను చెప్పలేను.

తిరిగి ఇచ్చేద్దామంటే, బిల్లు స్థానంలో ఉన్నది ఒక తెల్ల చీటీ. కాబట్టి ఉన్నదాన్నే పనికి తెచ్చుకోవాలి. ఆన్ చేస్తే తెర నిలకడకు రావడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఏ భాగం ఎంత పనిలో ఉందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే, ప్రాసెసరు పాపం పది శాతం దగ్గర ఖాళీగా కూర్చుని ఉంది, డిస్కు దగ్గర మాత్రం 100 శాతం అని ఎర్రబడి ఉంది. మా వైపు నెమ్మదించిన ప్రతి కంప్యూటరుకూ "వైరస్ పట్టింది" అనే రోగనిర్ణయం ఒకటే ఉంది. నేను చూసిన వాటిలో ఎక్కువభాగం రోగం పాత హార్డ్ డిస్కుది. అది నిమిషానికి 5400 సార్లు తిరిగే పళ్లెం అని చెప్పగానే, పెద్దనాయన 60తో భాగించి సెకనుకు 90 చుట్లు అని, ఒక్క చుట్టుకు 11 మిల్లీసెకన్లు పడుతుందని తానే తేల్చారు. కావలసిన సమాచారం సూది కిందికి రావడానికి సగటున అర చుట్టు, సూది ఆ వరుస దగ్గరకు జరగడానికి ఇంకొంత సమయం. ఇలా వెతుక్కుంటూ చదివేటప్పుడు ఆ డిస్కు సెకనుకు వంద చోట్లకు కూడా వెళ్లలేదు. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లను అడుగుతుంది. దాని స్థానంలో పెట్టే కొత్తరకం డిస్కు ఎస్ఎస్‌డీలో అయితే తిరిగేదీ జరిగేదీ ఏమీ ఉండదు, చిప్పుల్లోంచి నేరుగా చదువుతుంది, అందుకే అదే పనిలో అది వేల చోట్లకు వెళ్లివస్తుంది. పాత యంత్రానికి డబ్బు పెట్టదలచుకుంటే మొదటి రూపాయి పెట్టవలసింది అక్కడే.

మరునాడు రాజ్‌విహార్ వైపు దుకాణానికి వెళ్లి 256 జీబీల ఎస్ఎస్‌డీతోపాటు యంత్రం పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ, ఒక 8 జీబీల ర్యామ్ కూడా తెచ్చాను. ఇక్కడ నా ఘనత కూడా చెప్పుకోవాలి. అడుగు మూత విప్పి, ర్యామ్‌ను గాడిలో పెట్టి నొక్కితే దిగలేదు. కొద్దిగా గట్టిగా నొక్కబోయి, ఎందుకో అనుమానమొచ్చి ఆగాను. తెచ్చింది డీడీఆర్4, దానికి 260 కాళ్లు. ఈ లాప్‌టాప్‌కు కావలసింది 204 కాళ్ల డీడీఆర్3, అందులోనూ 1.35 వోల్టులతో పనిచేసే డీడీఆర్3ఎల్. ఒకదానికొకటి ఎక్కకుండా మధ్యలో గాటును వేరే చోట పెట్టినవాడు నాలాంటివాడిని దృష్టిలో పెట్టుకునే పెట్టి ఉంటాడు. పదేళ్లుగా పిల్లలకు చెప్పే పాఠమే ఇది. ఎండలో మళ్లీ దుకాణానికి వెళితే, ఆయన పాత లాప్‌టాపుల నుంచి తీసిన ర్యాములున్న స్వీటు డబ్బాను కౌంటరు మీద గుమ్మరించి కావలసింది ఏరి ఇచ్చారు. అంతా కలిపి రెండున్నర వేలు అయింది. ఆన్ కావడానికి నాలుగు నిమిషాలు పట్టేది ఇరవై సెకన్లకు దిగింది. పెద్దనాయన ఆ సాయంత్రం ఆరుసార్లు ఆపి, ఆరుసార్లు ఆన్ చేసి చూసుకున్నారు.

రెండు వారాలకు ఫోన్ వచ్చింది. "నువ్వు చెయ్యి పెట్టినప్పటి నుంచి రాఘవేంద్రస్వామి కనబడ్డంలేదు నాయనా." మంత్రాలయం స్వామి బొమ్మను ఆయన తెర మీద పెట్టుకుని ఉన్నారని, కొత్త డిస్కులో విండోస్ వేసినప్పుడు అది పోయిందని అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. తరువాత నేను చెయ్యి పెట్టినప్పటి నుంచి ప్రింటరు గీతలు కొట్టింది, నేను చెయ్యి పెట్టినప్పటి నుంచి డిష్ టీవీ ఛానళ్లు రెండు తగ్గాయి. ఈ మాటలో కోపం ఉండదు, కృతజ్ఞతకు లోటు అంతకంటే ఉండదు. యంత్రం అమ్మినవాడి చీటీలో వారంటీ లేనప్పుడు ఆ బాధ్యత ఎవరో ఒకరి మీద వాలాలి గదా, అది మూత విప్పినవాడి మీద వాలుతుంది. మొదట్లో దీనికి నేను చాలా కుమిలిపోయేవాణ్ని. ఇప్పుడు కూడా కుమిలిపోతాను, ఫోనులో మాత్రం తెలియనివ్వను.

"నువ్వు చెయ్యి పెట్టినప్పటి నుంచి" జాబితాలో ఒక ఆరోపణ మాత్రం విచారణకు నిలిచింది. లాప్‌టాప్ అంచు మీద చెయ్యి ఆనిస్తే చుర్రుమంటోందని పెద్దమ్మ అంది. నేనూ ముట్టుకుని చూశాను, చీమ పాకినట్లు సన్నగా తెలుస్తోంది. ఛార్జరులో మూడో పిన్ను ఉండనే ఉంది గాని, వారు దాన్ని రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బోర్డులో దూర్చి వాడుతున్నారు. గోడ సాకెట్టులోకి మార్చినా చురుకు పోలేదు. ఇలాంటి ఛార్జర్లలో కరెంటులోని అలజడిని వడకట్టే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటిగుండా కారే అతి స్వల్పమైన కరెంటు మూడో పిన్ను దారిన భూమిలోకి పోవాలి. ఆ దారి మూసుకుంటే లోహపు అంచు మీదే నిలబడి, ముట్టుకున్నవారిని పలకరిస్తుంది. పెరట్లో తులసికోట పక్కన ఎర్తింగ్ గుంట ఉంది. ఇల్లు కట్టినప్పుడు ఉప్పూ బొగ్గూ వేసి పూడ్చినది, దానికి నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. మే నెల, కర్నూలు నేల, పైమట్టి నెర్రెలు విచ్చి ఉంది. గొట్టంలోకి రెండు బకెట్ల నీళ్లు పోస్తే గుటగుటా తాగేసింది. ఇంకో రెండు పోసి, లోపలికి వెళ్లి ముట్టుకుంటే చురుకు లేదు. పెద్దమ్మ ఇప్పుడు వారానికి ఒకసారి తులసికి పోసి, మిగిలిన చెంబు అక్కడ పోస్తుంది. కంప్యూటరు బాగుచేయడానికి పోయి గుంటకు నీళ్లు పోసి వచ్చినందుకు ల్యాబులో మావాళ్లు నవ్వారు గాని, వారిలో ఒకరు ఆ సాయంత్రమే ఇంటికి వెళ్లి తమ గుంట వెతుక్కున్నట్టు తరువాత తెలిసింది.

దగ్గర ఉన్నవారి సంగతి ఇలా ఉంటే, ఆదోనిలో ఉన్న మా చిన్నమ్మకు ఫోనులో చేసే వైద్యం వేరే కథ. కొడుకు అమెరికా వెళుతూ వదిలివెళ్లిన డెస్క్‌టాప్ ఆమె దగ్గర ఉంది, ఆదివారాలు దాని మీద మనవరాలిని చూసుకుంటుంది. ఒకరోజు ఇంటర్నెట్టు పోయిందంది. ఇంటర్నెట్టు పెట్టె మీద దీపాలు వెలుగుతున్నాయి, సెల్‌ఫోనుకు వైఫై వస్తోంది, కంప్యూటరులో మాత్రం ఏదీ తెరుచుకోదు. కేబుల్ కుర్రవాడు వచ్చి తన లోపం ఏమీ లేదని చెప్పి పోయాడు, ఆమె అనుమానం తీరక రీచార్జి కూడా మళ్లీ చేయించింది.

"తెర మీద ఏం కనిపిస్తోంది చిన్నమ్మా?"

"ఏం లేదు నాయనా, ఎప్పటిలాగే ఉంది."

"ఎప్పటిలాగే అంటే?"

"అంటే మామూలుగానే."

ఈ మామూలుగానే దగ్గర మేమిద్దరం ఇరవై నిమిషాలు తిరిగాము. చదువుకున్న మనిషి, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి మందుల చీటీల మీద డాక్టర్ల రాత చదివిన మనిషి, తెర మీద ఇంగ్లీషు కనిపిస్తే అది తనకోసం రాసినది కాదనుకుని చూపు తిప్పుకుంటుంది. ఆమెకు నేను కర్సరు అంటే అర్థం కాదు, బాణం అంటే తెలుస్తుంది. కిటికీ మూయమంటే లేచి వెళ్లి నిజంగానే ఇంటి కిటికీ మూసి వచ్చింది, ఒక తడవ. నా గొంతు పెరుగుతోందని నాకే తెలిసి, కాసేపు ఆగి, "కింద కుడిపక్క మూలలో గడియారం ఉంటుంది, అక్కడ ఏముందో ఉన్నదున్నట్టు చదువు" అన్నాను. ఎనిమిదీ పది అంది. దాని కింద? "ఒకటీ, ఒకటీ, రెండువేల పన్నెండు."

అంతే, రోగం దొరికింది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్2032 అంటారు. 20 మిల్లీమీటర్ల అడ్డకొలత, 3.2 మిల్లీమీటర్ల మందం, మూడు వోల్టులు, పేరులోనే కొలతలు ఉన్నాయి. ప్లగ్గు తీసేసినా గడియారం నడిచేది దానివల్లే. అది చచ్చిపోతే, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ యంత్రం తన పుట్టినరోజు దగ్గరకు వెళ్లిపోతుంది. వెబ్‌సైట్ల భద్రతా ధ్రువపత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది. 2012లో ఉన్న కంప్యూటరుకు అవన్నీ ఇంకా పుట్టని పత్రాలు, కాబట్టి ఒక్కదాన్నీ నమ్మదు. వాచీల దుకాణంలో ముప్పై నలభై రూపాయలకు దొరికే బిళ్ల కోసం ఆమె రెండోసారి రీచార్జి చేసింది. ఆ దుకాణపాయన ఇంటికి వచ్చి మరీ బిళ్ల మార్చి, టీ తాగి వెళ్లాడట. చిన్నమ్మ దగ్గర ఒక నోటుపుస్తకం ఉంది, నేను చెప్పినవన్నీ తన మాటల్లో రాసుకుంటుంది. మొన్న వెళ్లినప్పుడు చూశాను. "ఇంటర్నెట్ రాకపోతే ముందు మూలలో సంవత్సరం చూడవలెను" అని రాసి, కింద రెండు గీతలు గీసుకుంది. నిజం చెప్పాలంటే, నా ల్యాబు గోడ మీద అంటించిన సూచనల పట్టిక కంటే ఆ పుస్తకమే బాగుంది.

పెన్‌డ్రైవుల గురించి ఒక్కమాట చెప్పి ముందుకు వెళతాను. ఐదువందల రూపాయలకు 2 టెరాబైట్లు ఎవరూ ఇవ్వలేరు. లోపల ఉండేది 32 జీబీల చిప్పో అంతకంటే చిన్నదో, దాని సాఫ్ట్‌వేరుకు మాత్రం 2 టీబీ అని అబద్ధం చెప్పడం నేర్పి ఉంటారు. ఆ అబద్ధాన్ని విండోస్ కూడా నమ్ముతుంది. ఫైళ్లు పేర్లతో సహా కనిపిస్తాయి, తెరిస్తే ఉండవు. మా కళాశాలలో ఒక పెద్దాయన పదవీ విరమణ సభ వీడియో అంతా అలాగే పోయింది. కొన్న రోజే డ్రైవును నిండా నింపి, తిరిగి చదివించి చూస్తే దొంగతనం బయటపడుతుంది, దానికి ఉచితంగా దొరికే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. ఎవరు చూస్తారు?

ఇక మా మేనమామ. పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో ఆయనకు డీటీపీ దుకాణం ఉంది. శుభలేఖలు, కర్మక్రియల కార్డులు, దేవాలయాల కరపత్రాలు, ఎన్నికలొస్తే పాంప్లెట్లు. అను అనే తెలుగు ఫాంట్లలో, పేజీలు కూర్చే ప్రోగ్రాము పేజ్‌మేకర్ 7లో పని. ఆ పేజ్‌మేకర్ 2001లో వచ్చిన చివరి వెర్షను. నేను ఒక వాక్యం టైపు చేసేలోగా ఆయన వధూవరుల ఇంటిపేర్లతో సహా శుభలేఖ పూర్తిచేస్తారు. కాబట్టి ఆయనను కంప్యూటరు తెలియనివారి లెక్కలో వేయడం నా పొరపాటు, ఆ పొరపాటు నేను చేశాను.

2021లో పట్టుబట్టి ఆయన చేత కొత్త డెస్క్‌టాప్ కొనిపించాను. ఎస్ఎస్‌డీ, కొత్త ప్రాసెసరు, పెద్ద తెర, ఏ లోటూ లేదు. అను ఫాంట్లు, ప్రతి భాష అక్షరానికీ సొంత సంఖ్య ఇచ్చే యూనికోడ్ పద్ధతివి కావు. ఇంగ్లీషు అక్షరాల సంఖ్యల స్థానంలో తెలుగు ముక్కలను కూర్చోబెట్టిన ఏర్పాటు అది, ఆ ఫాంటు లేనిచోట శుభలేఖ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాల కిచిడీ కనిపిస్తుంది. ఫాంట్లయితే ఎక్కించాము గాని, పాత ఫైళ్లలో వరుసలు జరిగాయి, ముహూర్తం కిందివరుసకు దిగింది. ఆయన లేజర్ ప్రింటరుది ఇరవై ఐదు పిన్నుల పాత కేబులు, కొత్త మదర్‌బోర్డుకు ఆ రంధ్రమే లేదు. మార్పిడి తీగ తెస్తే నాలుగు కాగితాలు కొట్టి ఐదోదానికి ఆగేది. పదిరోజులు చూసి మామ, "అల్లుడా, ఇది మంచి బండే. మన ఊరి రోడ్డుకు కాదు" అని దాన్ని బిల్లులు రాసే బల్ల మీదికి మార్చి, విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత యంత్రాన్ని దుమ్ము దులిపి మళ్లీ ఎక్కించారు. ఎక్స్‌పీకి మద్దతు 2014లోనే ఆగిపోయిందని నేను గుర్తుచేస్తే, దీనికి ఇంటర్నెట్టు తీగే పెట్టలేదు, ఎవడొస్తాడు లోపలికి అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అంతకు మించి, యంత్రాల విషయంలో ఆయనకు ఎదురు చెప్పే హక్కు నాకు లేదని నాకు 2009 నుంచి తెలుసు. ఆ అక్టోబరు 2న గాంధీ జయంతికి దుకాణం మూసి ఉంది. తుంగభద్ర, హంద్రీ రెండూ ఊరి మీదికి వచ్చిన రోజు అది. నీళ్లు తీసిన తరువాత షట్టరు ఎత్తితే, మోకాలి లోతు బురదలో సీపీయూ పక్కకు ఒరిగి ఉంది. లోపల హార్డ్ డిస్కులో దాదాపు పదేళ్ల పని. నేను అప్పుడు డిప్లొమా చదువుతున్నాను, అన్నీ తెలుసు. డిస్కును సీపీయూలోంచి ఊడదీసి, మంచినీళ్లతో కడిగి, మిద్దె మీద మూడురోజులు ఎండబెట్టి, నాలుగోరోజు స్నేహితుడి కంప్యూటరుకు తగిలించి ఆన్ చేశాను. టక్, టక్, టక్ అని మూడుసార్లు కొట్టుకుని, సన్నగా గీరిన చప్పుడొకటి చేసి ఆగిపోయింది. హార్డ్ డిస్కు పూర్తిగా మూసిన పెట్టె కాదని, లోపలి గాలి, బయటి గాలి సమంగా ఉండటానికి దానికి సూదిమొనంత రంధ్రం ఉంటుందని, అందులోంచి నీళ్లతోపాటు ఒండ్రు కూడా లోపలికి పోయి ఉంటుందని నాకు తరువాత తెలిసింది. తడిసిన డిస్కును ఎండబెట్టకూడదు, తడి ఆరనీయకుండా కవరులో చుట్టి, ఒక్కసారి కూడా ఆన్ చేయకుండా డేటా తీసేవారి చేతికి ఇవ్వాలి. పళ్లెం మీద బురద ఎండి అట్టకడితే, దాని మీద సూది గీరుకుంటూ పోతుంది. ఆ గీరుడు చప్పుడే నేను విన్నది. చెడిపోయిన తరువాత విప్పి చూద్దామని తిప్పితే, పైమూత మీద ఆ రంధ్రం పక్కనే ఇంగ్లీషులో రాసి ఉంది, ఈ రంధ్రాన్ని మూయవద్దు అని. మిద్దె మీద మూడురోజులూ ఆ అక్షరాలు నాకు ఎదురుగానే ఉన్నాయి.

మామ "నువ్వు చెయ్యి పెట్టినందుకు" అన్న మాట ఆరోజు అనలేదు, ఇన్నేళ్లలో ఎప్పుడూ అనలేదు. "పోనీలే అల్లుడా, మనుషులం మిగిలినాం" అన్నారు. చిన్నమ్మకు తెర మీద ఇంగ్లీషు కనబడలేదని నేను గొంతు పెంచినప్పుడల్లా ఈ రంధ్రం నాకు గుర్తుకు రావాలి, చాలాసార్లు ఫోన్ పెట్టేశాక గుర్తుకొస్తుంది.

ఆ తరువాత ఆయన చేసుకున్న ఏర్పాటు ఏ ల్యాబులోనూ నేను చూడలేదు. ప్రతి నెలాఖరుకూ పనినంతా రెండు డిస్కులలోకి ఎత్తి, ఒకటి ఇంట్లో అటక మీద, రెండోది కల్లూరులో కూతురి ఇంట్లో ఉంచుతారు. సికింద్రాబాదు వెళ్లినప్పుడల్లా పార్క్‌లేన్‌లో చినాయ్ ట్రేడ్ సెంటరులో తిరిగి, తన యంత్రంలో ఉన్న రకం మదర్‌బోర్డే పాతది దొరికితే కొనితెచ్చుకుంటారు. ఇప్పుడు మూడు ఉన్నాయి, వార్తాపత్రికలో చుట్టి, మీద తేదీ రాసి. ఒకటి పోతే రెండోది బిగించడం ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడికి వచ్చు. పావుగంట పని, నాకు ఫోన్ కూడా చేయరు.

ఆ దుకాణంలో కూర్చునే నా సలహాలు మారాయి. "ఏది కొనమంటావు?" అని ఎవరైనా అడిగితే ఒకప్పుడు రాత్రంతా కూర్చుని ప్రాసెసర్లు, ధరలు పోల్చి పట్టిక పంపేవాణ్ని. ఇప్పుడు ముందు నేనే అడుగుతాను: చెడిపోతే ఎవరి దగ్గరకు తీసుకుపోతారు? సర్వీసు కేంద్రం ఊళ్లోనే ఉందా, హైదరాబాదు పంపి మూడువారాలు చూడాలా? ర్యామ్ గాడిలో ఉందా, బోర్డుకే అతికించేశారా? కీబోర్డు పోతే ఒక్క కీబోర్డే మార్చవచ్చా? నాలుగువేలు తక్కువకు వస్తోందని, మన ఊళ్లో ఎవరూ మూత విప్పలేని సన్నటి లాప్‌టాప్ కొంటే, మొదటిసారి టీ ఒలికిన రోజున ఆ నాలుగువేలు తిరిగి పోతాయి. ఎక్కడికీ కదలని పెద్దవారికి లాప్‌టాపే వద్దంటాను. పెద్ద తెర ఉన్న డెస్క్‌టాప్, పక్కన యూపీఎస్ చాలు. ఆ యూపీఎస్‌కు లేజర్ ప్రింటరు మాత్రం తగిలించవద్దు, కాగితం మీద పొడిని కరిగించేటప్పుడు అది ఒక్కసారిగా లాగే కరెంటుకు 600 వీఏ పెట్టె కుయ్యోమని అరిచి పడుకుంటుంది.

ఇన్ని చెప్పినా పప్పులో కాలేయడం మానలేదు. మొన్న నవంబరులో సహోద్యోగి కుమారుడికి గేమ్స్ ఆడే కంప్యూటరుకు పట్టిక వేసి ఇచ్చి, పండుగ తరువాత నెమ్మదిగా కొనవచ్చు, ధరలు తగ్గుతాయి అని ధైర్యం కూడా చెప్పాను. ఏఐ సర్వర్లకు మెమరీ అంతా తరలిపోతుండటంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు ఆకాశాన్ని అంటాయి. సంక్రాంతి తరువాత వారు దుకాణానికి వెళితే, నా పట్టికలోని ర్యామ్ ధర చూసి ఆయన నవ్వి, ఇది ఏ సంవత్సరం కాగితం అని అడిగాడట. సహోద్యోగి నాతో బాగానే మాట్లాడుతున్నాడు. ఆ పిల్లవాడు మాట్లాడటంలేదు.

పెద్దనాయన లాప్‌టాప్ ఇంకా నడుస్తోంది. విండోస్ 10కు ఇంటివాడకందారులు పేరు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది, 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు వస్తాయి. ఆ నమోదు చేసి పెట్టడానికి పోయిన ఆదివారం వెళ్లాను. రాఘవేంద్రస్వామి తెర మీద ఉన్నారు. పని అయిపోయి కాఫీ తాగుతుంటే, ఈ అక్టోబరు తరువాత కొత్తది తీసుకోక తప్పదు కదా, ఈసారి మోసపోను, గీత తరువాత అంకె చూసి కొంటాను అన్నారు. నేను కాస్త తటపటాయించి, ఇంటెల్ వాళ్లు కొత్త లాప్‌టాపులకు పేర్లు మార్చేశారని, కోర్ 5, కోర్ అల్ట్రా 7 అంటున్నారని, ఆ ఐ అనే అక్షరమే ఇప్పుడు తీసేశారని చెప్పాను. ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టి, కళ్లద్దాలు తీశారు.

"ఇప్పుడిప్పుడే నేర్చుకుంటి గదరా. ఐ తీసేస్తే మరి ఏం చూసి కొనాల?"